కార్చిచ్చు – నల్లనేల

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవమునకు ఒక ప్రసంగము చేయుమని కార్యదర్శిగారు నన్ను అడిగినప్పుడు, నేను భారతములోని ఏదో యొక ఘట్టమును చెప్పుదునని మీలో పెక్కురు తలంచియుందురు. ఆ తలంపు తప్పు గాదు, భారతముతోనే ఆరంభించెదను. కాని ముగింపు మన ఊరి కొండ దగ్గరకు వచ్చును. నేటి నా విషయము కార్చిచ్చు. అడవికో గడ్డికొండకో నిప్పంటుకొన్నప్పుడు అది ఎట్లు నడచును, దానిని మనుష్యులు ఎట్లు ఆర్పుదురు, ఆర్పబోయినవారు ప్రాణములతో ఎట్లు తిరిగి రావలయును అను మూడు సంగతులను మనవి చేసెదను.

ఆదిపర్వమున ఖాండవదహనము మీరెల్లరు విన్నదే. ఆ వనమున జరిత యను శార్ఙ్గకపక్షి రెక్కలు రాని నలుగురు పిల్లలతో గూటియందుండెను. తండ్రి మందపాలుడు దగ్గర లేడు. మంటలు సమీపించుచున్నవి. అప్పుడా తల్లి చుట్టును చూచి, చెట్టు మొదట ఒక ఎలుకకలుగు ఉండుట కనుగొని, “మీరందులో దూరుడు, నేను దాని నోటిని మట్టితో కప్పెదను, మంట చల్లారిన పిమ్మట వచ్చి మట్టిని తొలగించెదను” అని పిల్లలతో చెప్పెను. పిల్లలు ఒప్పుకొనలేదు. కలుగులో ఎలుక యున్నదనియు, దాని నోట బడి చచ్చుటకంటె అగ్నిలో చచ్చుట మేలనియు వాదించిరి. ఆ ఎలుకను డేగ తన్నుకొనిపోవుట తాను కన్నులార చూచితినని తల్లి చెప్పినను నమ్మలేదు. తుదకు ఆమె ఎగిరిపోయినది. పిల్లలు అగ్నిదేవుని స్తుతించి బ్రతికిరి.

ఈ కథను నేను చిన్ననాటినుండి చదువుచున్నాను. భక్తిమహిమకై చెప్పిన కథ యని మాత్రమే అనుకొనుచుంటిని. అందులో ఇంకొక సంగతి కలదని చాల ఆలస్యముగా తెలిసినది. ఆ తల్లిపక్షికి రెండు విషయములు తెలియును. మొదటిది, మంట వచ్చునప్పుడు మండని తావును వెదకవలయును. రెండవది, మన్ను మండదు. ఆమె చెప్పినది సరియైన ఉపాయము. కాని ఆ ఉపాయము పిల్లలకు ముందెన్నడును తెలియదు. మంట నెత్తిమీదికి వచ్చిన తరువాత మొదటిసారి విన్నారు. అందుచేత నమ్మలేకపోయిరి. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలయునని కోరుచున్నాను. మరల దీని యొద్దకే వచ్చెదను.

ఇక మన కొండ సంగతి. ఇరువది రెండేండ్ల క్రిందట ఫాల్గుణమాసమున, మధ్యాహ్నము దాటినవేళ, మన కొండపాదమున గడ్డికి నిప్పంటుకొన్నది. మనలో కొందరు పచ్చికొమ్మలు విరిచికొని ఆర్పుటకు పోయితిమి. పసులకాపరి పిల్లలును మా వెంట వచ్చిరి. మేము వాలు నడుమ నుండగా గాలి తిరిగినది. మంట దిగువనుండి మా వైపునకు లేచినది. అప్పుడు “పైకి! పైకి పరుగెత్తుడు!” అని కేక వేసినవాడను నేనే. అందరును నా మాట విని పైకి పరుగెత్తిరి. మంట మమ్ము అందుకొన్నది. బండలు అడ్డుపడుటచేత పెద్దవారము బయటపడితిమి గాని, ఒక పిల్లవాని పాదములు కాలినవి. ఆ మచ్చలు నేటికిని ఉన్నవి. అతడు ఇప్పుడు పెద్దవాడై ఈ సభలోనే కూర్చుండియున్నాడు. సంగతి చెప్పుటకు అనుమతి ఇచ్చినాడు, పేరు మాత్రము చెప్పవలదన్నాడు.

ఆనాడు మా ప్రక్కనే, పది బారల దూరమున, మంట కాల్చి విడిచిన నల్లని నేల పొగలు క్రక్కుచు చల్లారుచుండెను. ఒకసారి కాలిన గడ్డి మరల కాలదు. ఆ నల్లనేలలోనికి పొండని చెప్పియుండినచో ఎవ్వరికిని ఏమియు కాకపోయెడిది. నాకు తోచలేదు. తోచకపోవుటకు కారణము ధైర్యము లేకపోవుట కాదు, తెలియకపోవుట.

తెలిసినది మన గ్రంథాలయమువలననే. పట్టణమున ఉద్యోగము చేయు మన ఊరి యువకుడొకడు ఇచ్చిన పుస్తకములలో నార్మన్ మెక్లీన్ అను అమెరికా రచయిత వ్రాసిన ‘యంగ్ మెన్ అండ్ ఫైర్’ అను గ్రంథమొకటి కలదు. అది 1992లో, రచయిత మరణించిన రెండేండ్లకు అచ్చైనది. ఆంగ్లమున నాకు పెద్ద ప్రవేశము లేదు. నిఘంటువును ప్రక్కన బెట్టుకొని ఒక చలికాలమంతయు చదివితిని. అందలి కథ చెప్పుటకు ముందు నిప్పు నడకను గురించి కొంత చెప్పవలయును.

నిప్పునకు మూడు కావలయును: మండు వస్తువు, గాలి, వేడిమి. ఈ మూటిలో ఒక్కటి తీసివేసిన నిప్పు ఆరును. ఇంటిలోనైన నీళ్లు పోసి వేడిమిని తీసెదము. తడిపిన గోనెపట్టా కప్పి గాలిని తీసెదము. కొండమీద నీరు ఉండదు, గాలిని ఆపజాలము. మిగిలినది మండు వస్తువును, అనగా నిప్పు మేతను, తొలగించుట యొక్కటే. అడవినిప్పు ఆర్పు విద్యకెల్ల ఇదియే మూలము.

ఆ నిప్పు నడక మరల మూడింటిపై ఆధారపడియుండును: మేత, వాతావరణము, నేలవాలు. అమెరికా అటవీశాస్త్రజ్ఞులు మేతను గంటలతో కొలుతురు. పావు అంగుళముకంటె సన్నని గడ్డియు ఆకులును ‘1 గంట మేత’. అనగా గాలిలోని తేమ మారిన ఒక గంటకే ఆరిపోవునవి. అంగుళము లోపు పుల్లలు 10 గంటల మేత. 3 అంగుళముల లోపు కొమ్మలు 100 గంటల మేత. అంతకంటె లావైన దుంగలు 1000 గంటల మేత. ఉదయము మంచుతో తడిసి అంటుకొనని గడ్డి మధ్యాహ్నమునకు దూదివలె మండుట ఇందువలననే. పెద్దచెట్ల అడవిని చూచి మనము భయపడుదుము. ఎండుగడ్డిని చూచి భయపడము. కాని గడ్డిమంటవలె వేగముగా పరుగెత్తునది వేరొకటి లేదు.

నేలవాలు సంగతి ఇంకను ముఖ్యము. మంట పైకి లేచు స్వభావము గలది. సమతలమున ఆ వేడి ఆకాశమునకు పోవును. వాలుమీదనో, మంట ఎగువ గడ్డిమీదికి వంగి దానిని ముందుగానే ఎండబెట్టి, కాచి, సిద్ధము చేయును. ఆస్ట్రేలియాలో వాడుక యందున్న ఒక లెక్క ప్రకారము, వాలు 10 డిగ్రీలు పెరిగినచో మంట వేగము రెండింతలగును. 20 డిగ్రీలకు నాలుగింతలు. నేను లెక్కలు వ్రాసికొను వాడను గనుక ఈ లెక్క నన్ను బాధించినది. వాలు పెరిగినకొలది మంట వేగము హెచ్చును. మనుష్యుని వేగము తగ్గును. అట్టి పందెములోనికి నేను పిల్లలను కేకవేసి పంపితిని! పైగా పగటిపూట కొండగాలి దిగువనుండి ఎగువకు వీచును. రాత్రి ఎగువనుండి దిగువకు వీచును. మధ్యాహ్నపువేళ వాలు, గాలి, ఎండ మూడును మంటకే తోడగును.

ఇప్పుడా పుస్తకములోని కథ. అమెరికాలో మోంటానా రాష్ట్రమున, హెలీనా పట్టణమునకు ఉత్తరముగా, మిస్సౌరీ నది యొడ్డున మాన్ గల్చ్ అను కోన యున్నది. 1949 ఆగస్టు 4న పిడుగు పడి ఆ కోనకు దక్షిణపు గట్టున నిప్పు రాజుకొన్నది. మరునాడు మధ్యాహ్నము మిసూలా పట్టణమునుండి ఒక విమానము బయలుదేరి వచ్చినది. అందుండి 15 మంది అగ్నిభటులు పారాచూట్లతో దుమికిరి. దారులు లేని అడవులలో నిప్పు చిన్నదిగా నుండగానే చేరుకొని ఆర్పుటకై 1940 నుండి ఏర్పడిన దళమది. అందరును యువకులు; ఒకడు 17 ఏండ్లవాడు. నాయకుని పేరు వాగ్నర్ డాడ్జ్, వయస్సు 33. సామానులతో పాటు పడవేసిన రేడియో, దాని పారాచూట్ విచ్చుకొనక నేలబడి పగిలిపోయినది. అక్కడ అప్పటికే ఒంటరిగా నిప్పుతో పెనుగులాడుచున్న జేమ్స్ హారిసన్ అను అటవీ ఉద్యోగి వారితో చేరెను. మొత్తము 16 మంది.

నిప్పు కోనకు దక్షిణపు వాలున నుండెను. డాడ్జ్ తన దళమును ఉత్తరపు వాలుమీదుగా నది వైపునకు నడిపించెను. నది దగ్గర నున్నచో ప్రమాదము వచ్చినను నీరు గలదని అతని ఆలోచన. ఆ ఆలోచన మంచిదే. కాని సాయంకాలము సుమారు 5 గంటల 45 నిమిషములకు అతడొక సంగతి చూచెను. గాలి నిప్పురవ్వలను కోన దాటించి, వారికిని నదికిని నడుమ కొత్తమంటలు రగిల్చినది. నదికి పోవు దారి మూసికొనిపోయినది. ఎదుట మంట, వెనుక నిటారైన గడ్డివాలు. ఆ వాలు కొన్నిచోట్ల 100 అడుగులు ముందుకు పోయిన 76 అడుగులు పైకెక్కవలసినంతటిది. డాడ్జ్ అందరిని వెనుకకు మరలించెను. కొంతదూరము పోయిన పిమ్మట పనిముట్లను పారవేయుడని ఆజ్ఞాపించెను.

సుమారు 5 గంటల 55 నిమిషములకు, మంట ఒక నిమిషములో మీద పడనున్నదనగా, డాడ్జ్ ఎవ్వరును ఊహింపని పని చేసెను. పరుగు ఆపి, అగ్గిపుల్ల గీచి, తన ముందున్న గడ్డికి తానే నిప్పంటించెను. ఆ చిన్నమంట వాలు వెంబడి పైకి కాల్చుకొనిపోగా, వెనుక నల్లని నేల మిగిలినది. అతడందులోనికి అడుగుపెట్టి, తడిపిన చేతిరుమాలు ముక్కునకు నోటికి అడ్డము పెట్టుకొని, బోరగిల పడుకొని, దళమువారిని లోనికి రమ్మని కేకలు వేసెను. పెద్దమంటకు అక్కడ మేత లేదు. అది ఆ నల్లనేల నిరుప్రక్కల చుట్టి సాగిపోయినది.

డాడ్జ్ బ్రతికెను. కాని అతని పిలుపు విని ఒక్కడును లోనికి రాలేదు. ఎదుట మంట, వెనుక మంట. నాయకుడు అగ్గిపుల్ల గీచుచున్నాడు. వారికి పిచ్చిగా తోచినది. అందరును గట్టువైపునకు పరుగెత్తిరి. ఇద్దరు మాత్రము, వాల్టర్ రమ్సీ, రాబర్ట్ సలీ అనువారు, గట్టుమీది రాతిచీలికగుండ ఆవలకు దూరి, గడ్డి మొలవని రాళ్లగుట్టను చేరి బ్రతికిరి. మిగిలిన 13 మంది మరణించిరి. వారిలో ఇద్దరు మరునాడు ఆసుపత్రిలో పోయిరి. హారిసన్ గడియారపు ముండ్లు 5 గంటల 56 నిమిషములకడ కరిగి నిలిచిపోయినవి. 1993లో రిచర్డ్ రాథర్మెల్ అను శాస్త్రజ్ఞుడు ఆ మంట వేగమును లెక్కకట్టి ఒక నివేదిక వ్రాసి, దానికి ‘గెలువరాని పందెము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

జరిత పిల్లలు కలుగును నమ్మలేదు. ఈ యువకులు నల్లనేలను నమ్మలేదు. ఆ పిల్లలను అగ్నిదేవుడు విడిచిపెట్టెను, వీరిని విడువలేదు.

వీరు అవిధేయులని అనవచ్చునా? నేను అనజాలను. డాడ్జ్ ఆ యువకులతో అంతకుముందు కలిసి పనిచేసినది తక్కువ. అతని తీరు వారికి తెలియదు, వారి మనస్సు అతనికి తెలియదు. ఆ ఉపాయమును వారి శిక్షణలో ఎవ్వరును నేర్పియుండలేదు. డాడ్జ్ తానును అంతకుముందు దానిని వినలేదనియు, అప్పటికప్పుడు తోచినదనియు విచారణలో చెప్పెను. నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఇంకొకటి. ఆ ఉపాయము క్రొత్తది గాదు. అమెరికా గడ్డిమైదానములలోని ఆదివాసులకును, అక్కడ కాపురమున్న రైతులకును పూర్వమునుండి తెలిసినదే. ఫెనిమోర్ కూపర్ 1827లో అచ్చువేసిన ‘ది ప్రెయిరీ’ అను నవలలో ఒక వృద్ధుడు ఇట్లే ముందుగా గడ్డిని కాల్చి తనవారిని కాపాడును. ఆ విద్య 122 ఏండ్లుగా పుస్తకమునందున్నది. కాని ఆ సాయంకాలము ఆ కొండవాలున ఉన్న 16 మందిలో ఒక్కని బుద్ధికే అది స్ఫురించినది. ఒక్కని తలలో ఉన్న తెలివి ఒక్కని తలనే కాపాడినది.

దీనికి వ్యతిరేకమైన కథయు ఒకటి కలదు. 1910 ఆగస్టులో అదే ప్రాంతపు అడవులలో గొప్ప అగ్నిప్రళయము వచ్చినది. ఐడహో రాష్ట్రమున ఎడ్వర్డ్ పులాస్కీ అను అటవీ అధికారి సుమారు 45 మందితో మంటల నడుమ చిక్కుకొనెను. అతనికి ఆ కొండలు చిరకాలపరిచితములు. ఎక్కడ పాతగని సొరంగమున్నదో తెలియును. అందరిని దానిలోనికి తోలుకొనిపోయి, బయటికి పరుగెత్తబోయినవారిని తుపాకి చూపి ఆపి, చాలమందిని బ్రదికించెను. కొందరు లోపల పొగచే మరణించిరి గాని తక్కినవారు ఇండ్లు చేరిరి. ఒకవైపు గొడ్డలి, రెండవవైపు బాడిస గల అతని పనిముట్టు నేటికిని అతని పేరుతోనే అగ్నిభటుల చేతులలో నున్నది. అతనిని గెలిపించినది శౌర్యము మాత్రమే గాదు. మండని తావు ఎక్కడనో ముందే తెలిసియుండుట.

మాన్ గల్చ్ వంటి ఘోరములు మరికొన్ని జరిగిన పిమ్మట, 1957లో అమెరికా అటవీశాఖవారు అగ్నిభటులకు పది ఆజ్ఞలను ఏర్పరచిరి. 1991లో పాల్ గ్లీసన్ అను అనుభవజ్ఞుడైన దళనాయకుడు నాలుగు మాటలలో వాని సారమును తీసెను. వానిని నేను మన భాషలో ఇట్లు కట్టుకొన్నాను: కావలి, కబురు, త్రోవ, తావు. మంటను చూచుచుండుటకే ఒకడు ఎత్తున నిలువవలయును, అది కావలి. అతడు చూచినది క్రింద పనిచేయువారికి వెంటనే అందవలయును, అది కబురు. పనిలో దిగుటకు ముందే తప్పించుకొను దారి నిర్ణయించుకొనవలయును, అది త్రోవ. ఆ దారి చివర మంట చేరలేని చోటు ఉండవలయును, అది తావు. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకున్నను పనిలో దిగరాదు.

ఆర్పు పద్ధతి యేమన, మంటకు తల, ప్రక్కలు, తోక యుండును. గాలి పోవు వైపునకు పరుగెత్తునది తల. తలకు ఎదురుగా నిలువరాదు. వాలుమీద దానికి ఎగువను అసలే నిలువరాదు. బండయో, బాటయో, చెరువుకట్టయో మండనిచోట మొదలుపెట్టి, తోకనుండి ప్రక్కల వెంబడి పోవుచు, తలను సన్నగిల్లజేయవలయును. గడ్డిని, ఆకులను, పైవేళ్లను చెక్కివేసి వట్టిమన్ను తేలునట్లు గీసిన బాటను అగ్నిరేఖ యందురు. మంట పెద్దదైనచో దూరముగా అట్టి రేఖ గీసి, దాని యొద్దనుండి మంట వైపునకు తామే నిప్పుపెట్టి నడుమ నున్న మేతను ముందుగా కాల్చివేయుదురు. ఈ ఎదురుమంట శిక్షణ పొందినవారి పని. మనబోటివారము చేయబోయినచో ఒక మంటకు రెండు మంటలగును. డాడ్జ్ చేసిన పనియు అట్టిదే. అది గడ్డినేలలో, వేరు గతిలేని తుదిక్షణమున చేయునది. వాడుకపద్ధతిగా నేర్చుకొనునది గాదు. దానిలో మనము నేర్వవలసినది, నల్లనేల మండదను ఒక్క సంగతి. అదియు పూర్తిగా కాలి, నిప్పుకణికలు చల్లారిన నేల కావలయును. పైపైన కాలి పొదలు మిగిలిన నేల మరల మండవచ్చును.

తెలిసియు ప్రమాదము తప్పనివారును కలరు. 2013 జూన్ 30న అరిజోనా రాష్ట్రమున యార్నెల్ కొండ యొద్ద, మిక్కిలి నేర్పరులైన దళమువారు 19 మంది మరణించిరి. వారు మొదట కాలిన నల్లనేలమీదనే ఉండిరి. దానిని విడిచి, పొదలు నిండిన పల్లములోనికి దిగిరి, గాలి తిరిగినది. వారి వద్ద అల్యూమినియపు రేకు పొదిగిన రక్షణగుడారములు ఉండెను. వానిలో దూరిరి. అట్టి గుడారము దూరపువేడిని మరలించునే గాని, మంట నేరుగా తగిలినచో ఎక్కువసేపు నిలువదు. సాధనమును నమ్మి తావును విడువరాదని ఆ సంఘటన చెప్పుచున్నది.

ఇది దూరదేశపు గొడవ అనుకొనవలదు. 2018 మార్చి 11న మన పొరుగు తమిళనాడులో, తేని జిల్లా కురంగణి కొండలలో, విహారమునకై నడచిపోయిన యువతీయువకులు గడ్డివాలుమీద మంటలలో చిక్కుకొనిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. అదే ఎండుగడ్డి, అదే వాలు, అదే మధ్యాహ్నము దాటిన వేళ. మన నల్లమలయందును, శేషాచలమునందును ప్రతి వేసవియు నిప్పులు లేచుచునే యున్నవి. పిడుగువలన లేచునవి మనకు అరుదు. ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింద ఆకులు కాల్చువారు, తునికాకు చిగురునకై పొదలు తగులబెట్టువారు, క్రొత్తగడ్డికై బీళ్లు కాల్చువారు, బీడీముక్క ఆర్పక పారవేయువారు, వీరే మన పిడుగులు. అడవికి నిప్పుపెట్టుట 1967 నాటి అటవీచట్టము ననుసరించి నేరము. నేడు ఉపగ్రహములు ఆకాశమునుండి మంటలను కనిపెట్టి అటవీశాఖకు వార్త పంపుచున్నవి. కాని ఉపగ్రహము కొండమీది పసులకాపరికి దారి చూపజాలదు. ఆ పని మనది.

కావున నేను మూడు మనవులు చేసికొనుచున్నాను.

మొదటిది: కొండకు నిప్పంటిన వెంటనే ఆర్పుటకు ఉరుకక, ముందు కబురంపవలయును. అగ్నిమాపకశాఖకు 101, అత్యవసరమునకు 112. అటవీ ఉద్యోగుల సంఖ్యలను గ్రంథాలయపు పలకమీద వ్రాసియుంచవలయును. పిల్లలను, ముసలివారిని వాలుమీదికి పోనీయరాదు. నూలుబట్టలే కట్టవలయును, నైలాను బట్ట కరిగి ఒంటికి అంటుకొనును.

రెండవది: ప్రతి సంవత్సరము మాఘమాసమున, గడ్డి ఎండుటకు ముందు, ఒక సాయంకాలము ఈ వసారాలో పసులకాపరులను, కట్టెలకు పోవు ఆడవారిని కూర్చుండబెట్టి ఆ నాలుగు మాటలు చెప్పవలయును. చదువు వచ్చినవారికి పుస్తకమున్నది. రానివారికి నోటిమాటయే పుస్తకము. కొండమీద ఎక్కువకాలము ఉండువారు వారే. వారికి తెలియని విద్య మన బీరువాలో నున్నను లేనట్లే.

మూడవది: నేనొక పటము గీసి తెచ్చితిని. ఇది మన కొండ. బాటలు ఎఱ్ఱసిరాతో గీసితిని. నల్లని చుక్కలు పెట్టినవి మంట చేరలేని తావులు: తూర్పున ఏనుగుబండ, దాని క్రింద వాగులోని ఇసుకమేట, పడమట దున్నిన చేలు, దక్షిణమున చెరువు. ఒక్కొక్క తావునకు ఎక్కడనుండి ఎన్ని అడుగులో నడచి కొలిచి వ్రాసితిని. కొలతకు నాతో వచ్చినవాడు, ఆనాడు పాదములు కాలిన ఆ పిల్లవాడే. రెండుచోట్ల నా లెక్క తప్పనగా అతడు దిద్దినాడు. నాకంటె అతనికి ఆ కొండ బాగుగా తెలియును.

మాన్ గల్చ్ కొండవాలున డాడ్జ్ వేసిన కేక సత్యమైనదే, కాని ఆలస్యమైనది. నేను వేసిన కేక ఆలస్యము కాలేదు, కాని అసత్యమైనది. ఈ రెండింటికిని మందు ఒక్కటే: మంట రాకముందే, నీడపట్టున కూర్చుండి, అందరును కలిసి తెలిసికొనుట. అందుకే గదా ఇరువది యైదేండ్ల క్రిందట మన పెద్దలు రూపాయి రూపాయి చందా వేసికొని ఈ గ్రంథాలయమును స్థాపించినది!

ఈ పటమును పత్రికల బల్లకు ఎదురుగా, పిల్లల కంటికి అందునంత ఎత్తున, గోడకు తగిలించుటకు కార్యవర్గమువారు అనుమతింపవలయునని ప్రార్థించుచున్నాను.